దారిలో ఉన్న సరుకు



కృష్ణా జిల్లా పెడనలో అచ్చు కలంకారీ కార్ఖానా నడిపే మనిషిని, కొట్టులో పటిక ఎంత ఉందని అడగండి. చేస్తున్న పని ఆపకుండానే చెప్పేస్తాడు. మొన్నటి ఉడుకుకు ఎంత వాడారో అదీ చెబుతాడు. "మరి తెప్పిస్తున్న పటిక ఎంత? ఎప్పటికి చేరుతుంది? ఏ రేటుకు మాట్లాడారు?" అని అడిగితే మాత్రం జేబులోంచి ఫోను తీస్తాడు. ఎవరెవరికి ఫోను చేశాడో వెతుకుతాడు. వాట్సాప్‌లో వచ్చిన గొంతు మెసేజీలు ఒకటొకటే వింటాడు. చివరికి ఇంట్లోకి కేక వేస్తాడు: "ఒరేయ్, ఆ పటిక సంగతి నువ్వు చెప్పావా, నేను చెప్పానా?"

ఇవాళ్టి ప్రసంగం ఆ కేక గురించి.

కొట్టులో ఉన్న సరుకు కంటికి కనిపిస్తుంది. వాడేసిన సరుకు చేతికి గుర్తుంటుంది. రమ్మని చెప్పి, ఇంకా రాని సరుకు సంగతి వేరు. అది కంటికి కనపడదు, చేతికి అందదు. దాని కోసం డబ్బు మాత్రం బయటికి వెళ్లి ఉండొచ్చు, దాని మీద ఆశపెట్టుకుని మనం ఇంకొకరికి మాట ఇచ్చి ఉండొచ్చు. ఆ దారిలో ఉన్న సరుకును పట్టి చూపించేది ఒక్క కాగితం. అదే కొనుగోలు ఆర్డరు. వ్యాపారులు పర్చేజ్ ఆర్డరు అంటారు, పొట్టిగా పి.ఓ. అంటారు.

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారమని చేతివృత్తులవాళ్లు చాలామంది పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం ఇది చిన్నవాళ్లకే ఎక్కువ అవసరమనిపిస్తుంది. పెద్ద కంపెనీలో ఒక ఆర్డరు తప్పిపోయినా గోదాములో నెలకు సరిపడా నిల్వ ఉంటుంది. నలుగురు పనిచేసే కార్ఖానాలో పటిక రాకపోతే ఆ నలుగురూ అచ్చులు కడిగి పక్కన పెట్టి కూర్చోవాలి. కూలీ ఇవ్వాలా వద్దా అన్న గొడవ ఆ సాయంత్రమే మొదలవుతుంది.

కలంకారీనే ఎందుకు తీసుకున్నానంటే, దాని సరుకుల చిట్టా అంత చిత్రంగా ఉంటుంది. ఒక్క చీర తయారుకావాలంటే ముందు కోరా గుడ్డ కావాలి. దాన్ని శుభ్రం చేశాక కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాలి. కరక్కాయలో ఉండే వగరు పదార్థం గుడ్డలో నిలబడితేనే ఆ తర్వాత అద్దే నలుపు పడుతుంది. ఆ నలుపు ఏ డబ్బాలోనూ దొరకదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. ఎరుపు వచ్చే చోట పటిక నీళ్లు జిగురుతో కలిపి అచ్చుతో అద్దాలి. ఆ తర్వాత గుడ్డను పారే నీళ్లలో జాడించి, రంగు నీళ్లలో ఉడికించాలి. ఒకప్పుడు ఈ తీరంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక, చిరివేరు నెమ్మదిగా వెనకబడింది. పసుపు రంగుకు దానిమ్మ తొక్క లాంటివి, నీలానికి నీలిమందు. వీటన్నిటికీ మించి టేకు చెక్కతో చెక్కిన అచ్చులు.

ఇప్పుడు ఈ సరుకులు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో చూడండి. కోరా గుడ్డను కొందరు ఈరోడ్ లాంటి మరమగ్గాల ఊళ్ల నుంచి లారీ పార్సిల్‌లో తెప్పించుకుంటారు. కరక్కాయ అడవి పంట. మన్యంలో గిరిజనులు చలికాలం, ఎండాకాలం మొదట్లో ఏరుతారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ కూడా దాన్ని కొని అమ్ముతుంది. అంటే ఏడాదిలో కొన్ని నెలలు మంచి కాయ దొరుకుతుంది, మిగిలిన నెలలు షావుకారు గోదాములో పురుగు తినగా మిగిలింది దొరుకుతుంది. పటికకు, అలిజరిన్‌కు రసాయనాల షాపుకు చెప్పాలి. బెల్లం పక్కింటి కొట్లో దొరుకుతుంది. అచ్చులు పెడనలోనే చెక్కుతారు గానీ, చెక్కేవాళ్ల చేతిలో అప్పటికే ఎన్ని పనులు ఉన్నాయో దాన్నిబట్టి ఎప్పుడు వస్తాయన్నది ఉంటుంది. పైగా పులియబెట్టిన నలుపు మన సొంతమే అయినా, అది కూడా రెండు మూడు వారాల ముందు మొదలుపెడితేనే దొరుకుతుంది.

ఇన్ని దిక్కుల నుంచి, ఇన్ని రకాల ఆలస్యాలతో వచ్చే సరుకుల లెక్క ఒక మనిషి తలలో ఉంటుంది. ఆ మనిషికి జ్వరం వస్తే లెక్క కూడా పడకేస్తుంది.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే పెడనకు పక్కనే మచిలీపట్నం ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ అక్కడికి వచ్చింది. అప్పటికే డచ్చివాళ్లు దిగి ఉన్నారు. వాళ్లంతా వచ్చింది ఈ తీరంలో నేసే, అద్దే గుడ్డల కోసమే. ఏ రకం గుడ్డ, ఎంత పొడవు, ఎంత పన్నా, ఎన్ని తానులు అని జాబితాలు రాసి పంపేవారు. నమూనా ముక్కలు ముందే దాచుకుని, వచ్చిన గుడ్డను వాటితో సరిపోల్చి, తేడా ఉంటే ధర తగ్గించేవారు, లేదా వెనక్కి కొట్టేవారు. నేతగాళ్లకు అడ్వాన్సులు మధ్య వర్తకుల ద్వారా చేరేవి. ఇవాళ చరిత్రకారులు ఆ కాలపు వస్త్ర వ్యాపారం గురించి ఇంత వివరంగా రాయగలుగుతున్నారంటే, కారణం ఆ కంపెనీల కాగితాలే. అద్దకం చేసినవాళ్ల వైపు నుంచి అలాంటి కాగితం దాదాపు లేదు. ఎవరి గుడ్డను ఎందుకు వెనక్కి కొట్టారో, కొట్టినవాడి మాటే మిగిలింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చాలా కార్ఖానాల్లో కాగితం అవతలివాడి దగ్గరే ఉంటుందంటే, నాకు కాస్త కోపమే వస్తుంది.

సరే, ఆర్డరు అంటే ఏమిటి? ఫలానా సరుకు, ఇంత, ఈ రేటుకు, ఈ తేదీకి, ఇక్కడికి పంపండి అని మనం రాసి ఇచ్చే చీటీ. దానికి ఒక నంబరు, ఒక తేదీ. దుకాణాల్లో బిల్లులకు వాడే డూప్లికేట్ బుక్కు కొని, మధ్యలో కార్బన్ కాగితం పెట్టి రాస్తే చాలు. పై కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేయండి, అడుగు కాగితం బుక్కులోనే ఉండనివ్వండి. ఏటా ఏప్రిల్ 1 నుంచి నంబరు మళ్లీ ఒకటితో మొదలుపెడితే ఆడిటరుకూ సుఖం. నంబర్లు మధ్యలో తెగిపోకూడదు. రద్దయిన ఆర్డరు కాగితాన్ని చించకండి, అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి అలాగే ఉంచండి.

అందరూ తొందరగా రాసేసేది సరుకు వివరం. నిజానికి పెన్ను ఆగాల్సింది అక్కడే.

పటికనే తీసుకోండి. "పటిక, 50 కిలోలు" అని రాస్తాం. వచ్చే పటికలో ఇనుము కలిసి ఉందనుకోండి, ఎరుపు మసకబారి గోధుమ వైపు పోతుంది. ఇందులో చిక్కేమిటంటే, పటిక అద్దిన చోట వెంటనే ఏ రంగూ కనిపించదు. కనపడటానికి అందులో చిటికెడు రంగు కలుపుతారు గానీ, అసలు ఎరుపు తేలేది ఉడికించాకే. అంటే సరుకు చేరిన చాలా రోజులకు, వందల మీటర్లు అద్దేశాక, డేగిసాలో తప్పు బయటపడుతుంది. అప్పుడు షావుకారు దగ్గరికి వెళితే ఆయన అడిగే మొదటి ప్రశ్న: "ఏ బస్తాదండీ?" అందుకని ఆర్డరులో "ఇనుము కలవని పటిక, అద్దకానికి" అని రాయాలి. సరుకు చేరగానే బస్తా మీద ఆర్డరు నంబరు మార్కరుతో రాయాలి. పాత బస్తా అయిపోయేదాకా కొత్తది విప్పకూడదు. ఈ మూడూ చేస్తే షావుకారు ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉంటుంది. చేయకపోతే గొంతు పెంచడమే మిగులుతుంది.

గుడ్డకు ఇంకా ఎక్కువ రాయాలి. నూలు నంబరు ఎంత, పన్నా ఎన్ని అంగుళాలు, గంజి పెట్టిందా లేదా, ఒకే తానులో ఎన్ని మీటర్ల పైన ముక్క ఉండాలి. చీరలకు తెప్పించిన గుడ్డలో నాలుగు మీటర్ల ముక్కలు ఎక్కువ వస్తే అవి చీరకు పనికిరావు, దుపట్టాలుగా కోసుకోవాలి. దుపట్టాలు అమ్ముడుపోతాయి, ఎవరూ కాదనరు, కానీ మనం చీరల ధర లెక్కవేసి కొన్నాం కదా. ఉతికాక గుడ్డ కుంచించుకుపోతుంది కాబట్టి, ముందు ఒక మీటరు ముక్క తెప్పించి ఉతికి కొలిచి, ఆ ముక్కను ఆర్డరు కాపీకి పిన్ను చేసి ఉంచుకోండి. మచిలీపట్నంలో కంపెనీవాళ్లు చేసిన పని అదే. ఈసారి నమూనా మన చేతిలో ఉంటుంది, అంతే తేడా.

కరక్కాయ దగ్గర కొలత మోసం చేస్తుంది. కొనేది కాయ, వాడేది పొడి. లోపలి గింజ తీసేస్తే తూకం తగ్గుతుంది. తడి కాయ కొంటే ఎండేసరికి ఇంకా తగ్గుతుంది. 100 కిలోల కాయ తెచ్చి, పుస్తకంలో 100 కిలోలని రాసుకుని, పొడి లెక్కన వాడుకుంటూ పోతే నెలకల్లా పుస్తకానికీ బస్తాకీ సంబంధం ఉండదు. అలాంటప్పుడు జనం పుస్తకం రాయడమే మానేస్తారు. "లెక్కలు మనకు కుదరవులే" అంటారు. లెక్క కుదరకపోవడానికి కారణం కొలత. అందుకే ఆర్డరులో ఏ రూపంలో, ఏ కొలతలో కొంటున్నామో అది రాయండి: "ఎండు కరక్కాయ, గింజతో, పురుగు లేనిది, కిలోల్లో, తూకం మా కార్ఖానా దగ్గర." ఆ కాయను దంచి పొడి చేశాక ఎంత వచ్చిందో అదే కాగితం వెనక రాసుకోండి. రెండు మూడు ఆర్డర్లకల్లా ఎవరి కాయలో పొడి ఎక్కువ వస్తుందో మీకే తేలిపోతుంది. తక్కువ రేటు చెప్పిన షావుకారు ఒక్కోసారి ఖరీదైన షావుకారని అప్పుడు కనిపిస్తుంది.

అచ్చుల సంగతి అన్నిటికంటే విడ్డూరం. ఒక డిజైనుకు గీతల అచ్చు ఒకటి, నింపే అచ్చులు రంగుకు ఒకటి చొప్పున కావాలి. నాలుగు అచ్చుల సెట్టు చెప్పామనుకోండి. మూడు వచ్చాయి, నాలుగోది వచ్చే వారం అన్నారు. నాలుగింట మూడు వంతుల సరుకు వచ్చింది కదా అని ఎవరైనా అంటే నవ్వాలి. ఆ నాలుగోది వచ్చేదాకా ఆ డిజైను పూర్తికాదు. కాబట్టి అచ్చుల ఆర్డరులో "సెట్టు 1, అచ్చులు 4, నాలుగూ కలిపి అప్పగించాలి, మిగతా డబ్బు నాలుగూ చేరాకే" అని రాయాలి. పక్కన డిజైను బొమ్మ, అచ్చు కొలత. చెక్కేవారు మన ఊరివారే, రోజూ ఎదురుపడే మనిషే, అయినా రాయాలి. ఆయనకు కూడా ఇది మంచిదే. గీతలో మార్పు తర్వాత మనం చెప్పి, "ముందే చెప్పాను కదా" అని దబాయించే అవకాశం ఉండదు.

రేటు దగ్గర రెండే మాటలు. జి.ఎస్.టి. కలిపిన ధరా, విడిగానా? లారీ కిరాయి ఎవరిది? ఈ రెండూ రాయని ఆర్డరు సగం ఆర్డరు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి కాబట్టి, అది ఎవరు తీస్తారో కూడా ఫోనులోనే తేల్చుకోండి.

ఇక సరుకు చేరినప్పటి సంగతి. కార్ఖానా ముందు ఆటో ఆగుతుంది. డ్రైవరు తొందరపడతాడు. కట్టలు దించుతారు, చలానా మీద సంతకం పెడతారు, అందరూ మళ్లీ పనిలోకి వెళ్లిపోతారు. మనం చెప్పింది 500 మీటర్ల గుడ్డ. వచ్చింది 320. ఆ సాయంత్రం ఇంట్లో అందరి మనసులోనూ ఒక్క మాటే నిలిచిపోతుంది: గుడ్డ వచ్చింది. రావలసిన 180 మీటర్లు ఎవరి లెక్కలోనూ లేకుండా పోతాయి. పది రోజుల తర్వాత గుడ్డ చాలకపోతే, పనివాళ్లు పాడుచేశారనో, ఎవరో పట్టుకుపోయారనో అనుమానాలు.

ఆర్డరు బుక్కు ఉంటే ఏం చేస్తారంటే, చలానా పట్టుకుని ఆ నంబరు కాగితం తీస్తారు. కొలిచి, "320 వచ్చింది, తేదీ ఫలానా, బాకీ 180" అని రాస్తారు. ఆ కాగితం మూలను మడిచి ఉంచుతారు. మూల మడిచిన కాగితాలన్నీ ఇంకా దారిలో ఉన్న సరుకులు. బాకీ తీరాకే, లేదా "ఇక పంపలేను" అని షావుకారు చెప్పి మనం ఒప్పుకున్నాకే, మడత విప్పుతారు. వారానికోసారి బుక్కు తిరగేసి మడతలు చూసుకుంటే చాలు. కంప్యూటరులో టాలీ వాడేవాళ్లకు ఇదే పనికి బాకీ ఆర్డర్ల జాబితా దొరుకుతుంది. మడత అయినా జాబితా అయినా చేసే పని ఒకటే.

బిల్లు వచ్చినప్పుడు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి. మనం రాసిన ఆర్డరు, సరుకుతో వచ్చిన చలానా, ఇప్పుడు వచ్చిన బిల్లు. చెప్పిన రేటు, వచ్చిన సరుకు, అడిగిన డబ్బు, ఈ మూడూ పొసగాలి. 320 మీటర్లు పంపి 500 మీటర్లకు బిల్లు వేయడం ఎప్పుడూ దురుద్దేశంతోనే జరగదు. అవతలి గుమాస్తా కూడా ఆర్డరు చూసి బిల్లు కొట్టి ఉండొచ్చు. కానీ మనం డబ్బు కట్టేశాక ఆ 180 మీటర్లు రాబట్టడం వేరే కథ. అడ్వాన్సు ఇచ్చి ఉంటే అదీ ఆర్డరు కాగితం మీదే రాసి ఉండాలి. లేకపోతే బిల్లులో దాన్ని తగ్గించారో లేదో ఎవరు చూస్తారు?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. రేడియోలో లెక్కలు చెబితే వినేవాళ్లకు విసుగు, కాబట్టి ఒక్కటే చెబుతాను. కావాలంటే పెన్ను తీసుకోండి.

మీ కార్ఖానాలో రోజుకు 2 కిలోల పటిక వాడతారనుకుందాం. చెప్పిన పది రోజులకు సరుకు వస్తుంది. ఆ పది రోజులకు 20 కిలోలు కావాలి. లారీ ఆలస్యమో, తుపానో వస్తే ఆదుకోవడానికి ఇంకో ఐదు రోజులకు 10 కిలోలు. మొత్తం 30. నిల్వ 30 కిలోలకు దిగిందంటే ఆర్డరు రాయాలి. ఇంతవరకు చాలామందికి అనుభవంతోనే తెలుసు. డబ్బా అడుగు కనబడకముందే చెప్పాలని అమ్మలకు వంటింట్లోనే తెలుసు.

ఎక్కడ దెబ్బ తింటామంటే, నిల్వ 24 కిలోలుంది, 30 కంటే తక్కువ. ఇంటి పెద్ద కొడుకు చూశాడు, 50 కిలోలకు ఫోను చేశాడు. మూడు రోజుల కిందటే తండ్రి ఇంకో షాపులో 50 కిలోలు చెప్పి ఉన్నాడు. రెండూ వచ్చాయి. పటిక పాడయ్యే సరుకు కాదు, వాడుకోవచ్చు. కానీ ఆ రెండో 50 కిలోల డబ్బు నెల రోజుల పాటు బస్తాలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే మన్యం నుంచి మంచి కరక్కాయ దిగింది, కొనడానికి చేతిలో డబ్బు లేదు. చిన్న వ్యాపారం నష్టపోయేది ఇలాగే. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ సోమరిగా లేరు. చూడాల్సిన అంకె 24 కాదు, 24కు దారిలో ఉన్న 50 కలిపి 74. ఆ 50 కనబడాలంటే బుక్కు కావాలి, ఇంటిల్లిపాదీ ఒకే బుక్కులో రాయాలి.

ఇదే లెక్కను ఇంకొంచెం సాగదీయండి. గుడ్డ కొట్టులో 400 మీటర్లు, దారిలో 500. మొత్తం 900. హైదరాబాదులో ఒక షాపుకు 300 దుపట్టాలు ఇస్తామని మాట ఇచ్చాం, దుపట్టాకు రెండున్నర మీటర్ల చొప్పున 750 మీటర్లు. అంటే నిజంగా మన చేతిలో స్వేచ్ఛగా ఉన్నది 150 మీటర్లే. ఇప్పుడు ఇంకో ఆవిడ ఫోను చేసి, "అన్నయ్యా, వంద దుపట్టాలు కావాలి" అంటే, కొట్టులో తానులు కనబడుతున్నాయి కదా అని "అలాగేనమ్మా" అనేస్తాం. వంద దుపట్టాలకు 250 మీటర్లు కావాలి. ఇంకో 100 మీటర్లు తెప్పించాలి, అది వచ్చేదాకా తేదీ చెప్పకూడదు. పండగ సీజనులో మాట తప్పే కార్ఖానాలు చాలావరకు బద్ధకం వల్ల తప్పవు. కొట్టులో కనబడే గుడ్డను చూసి మాట ఇచ్చి తప్పుతాయి.

వర్షాకాలం వస్తే ఇదే లెక్క తిరగబడుతుంది. ఎండ లేకపోతే అద్దకం సాగదు. పని నెమ్మదిస్తుంది, సరుకు మాత్రం ఎండాకాలంలో ఇచ్చిన ఆర్డర్ల ప్రకారం దిగుతూనే ఉంటుంది. జూన్ దగ్గర పడుతున్నప్పుడు మూల మడిచిన కాగితాలన్నీ ఒకసారి ముందేసుకుని, ఏవి ఆపమనాలో, ఏవి సెప్టెంబరుకు జరపాలో షావుకార్లకు చెప్పుకోవడం మంచిది. ముందుగా చెబితే ఎవరూ కాదనరు. లారీ ఎక్కాక చెబితే ఎవరూ వినరు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "మాకూ షావుకారు గారికీ ముప్పై ఏళ్ల నమ్మకమండీ. ఇప్పుడు కాగితం రాసిస్తే అనుమానించినట్టు కదా." ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. అప్పుమీద సరుకు ఇచ్చేది ఆ నమ్మకంతోనే. కానీ కాగితం నమ్మకానికి ఎదురు నిలబడదు. నమ్మకమున్న ఇద్దరి మధ్య గొడవలు ఎందుకొస్తాయో చూడండి: ఒకాయనకు 50 అని గుర్తు, ఇంకొకాయనకు 40 అని గుర్తు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధమాడేది జ్ఞాపకమే. ఇంకో సంగతి కూడా ఉంది. నోటిమాటతో చెప్పినా, వాట్సాప్‌లో పంపినా, అవతలివారు ఒప్పుకుంటే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందమే. చట్టం కాగితం ఉండాలని పట్టుబట్టడం లేదు. ఒప్పందం ఏమిటో రుజువు చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం కాగితం ఉన్నవాడిది పైచేయి.

ఇంతవరకు మనం ఇచ్చే ఆర్డరు గురించి మాట్లాడుకున్నాం. మనకు రావలసిన ఆర్డరు గురించి కూడా చెప్పకుండా ముగిస్తే అన్యాయం. పెద్ద ఊళ్ల షాపులు చేతివృత్తులవాళ్లకు ఫోనులోనే ఆర్డరు చెబుతాయి. సరుకు వెళ్లాక, "రంగు తేడాగా ఉంది, అమ్ముడుపోలేదు, వచ్చే నెల చూద్దాం" అంటాయి. ఈ దేశంలో దీనికి ఒక చట్టం ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యం రిజిస్ట్రేషను ఉన్న తయారీదారు సరుకు ఇస్తే, కొన్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులో డబ్బు ఇవ్వాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాత లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ. సరుకులో లోపం ఉందంటే, అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ గడువు దాటితే సరుకు ఒప్పుకున్నట్టే. ఫిర్యాదు చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో పోర్టలు ఉంది. ఉద్యం రిజిస్ట్రేషను కూడా ఆన్‌లైన్‌లోనే, ఉచితం. దానికి డబ్బు అడిగేవారుంటే ఇవ్వకండి.

అయితే ఈ గడువులన్నీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? సరుకు ఎప్పుడు చేరింది, ఏ ఒప్పందం కింద చేరింది అన్నదాని నుంచి. అందుకని షాపువాళ్లను, "అమ్మా, ఒక పి.ఓ. పంపండి, నంబరు వేసి బిల్లు కొడతాం" అని అడగండి. పంపకపోతే, వాళ్లు ఫోనులో చెప్పింది మీరే రాసి, "మీ ఆర్డరు ఇలా రాసుకున్నాం, సరేనా?" అని వాట్సాప్‌లో పెట్టండి. "ఓకే" అని వచ్చిన జవాబును దాచండి. ఉపయోగపడుతుంది.

ప్రతిదానికీ ఆర్డరు రాయమని నేను చెప్పను. కట్టెలకు, టీకి, సబ్బు ముక్కకు, వీధి చివర కొట్లో తెచ్చే రెండు కిలోల బెల్లానికి కాగితం రాస్తే, వారం తిరక్కముందే బుక్కు మూలనపడుతుంది. అడ్వాన్సు ఇచ్చినవి, ఊరి బయట నుంచి వచ్చేవి, లేకపోతే పని ఆగిపోయేవి, ఈ మూడు రకాలకు రాస్తే చాలు. మీ పని కలంకారీ కాకపోవచ్చు. కొండపల్లి బొమ్మలైతే తెల్ల పొణికి చెక్క, ఏటికొప్పాక బొమ్మలైతే అంకుడు చెక్క, లక్క, మగ్గమైతే చిలపల నూలు, జరీ. మీ సరుకుల్లో ఆ మూడు రకాల్లోకి వచ్చేవి ఐదారు మించవు.

బుక్కు ఎవరు రాయాలి అన్నది మాత్రం తేల్చుకోవాలి. చాలా ఇళ్లలో రేట్లు మాట్లాడేది మగవాళ్లు, డబ్బు లెక్క చూసేది ఆడవాళ్లు. నా సలహా, ఎవరు మాట్లాడినా రాసేది ఇంటావిడే కావాలి. ఆవిడ నంబరు వేయందే ఆర్డరు లేదని, ఆ నంబరు లేని బిల్లుకు డబ్బు ఇవ్వమని షావుకార్లందరికీ ఒకసారి చెప్పేయండి. మొదటి నెల గొణుగుతారు. తర్వాత వాళ్లే ఫోను చేసి, "నంబరు చెప్పండమ్మా, బిల్లు మీద వేయాలి" అంటారు.

కొత్త ఏడాది కోసమో, ఏప్రిల్ ఒకటి కోసమో ఆగకండి. రేపు పొద్దున్న మీరు ఎవరికి ఫోను చేసి ఏ సరుకు చెప్పబోతున్నారో, దానికే ఒకటో నంబరు వేయండి. ఇప్పటికే చెప్పి ఉంచినవి ఏవేవో ఈ రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగి, వాటినీ రాసుకోండి.